పిల్లలకు యాక్టింగ్ నేర్పేటప్పుడు ఏడుపు సీను ఎలా చేయించాలి?

వేసవి సెలవులు ఇవ్వగానే నెల్లూరులో, ఒంగోలులో యాక్టింగ్ క్లాసులు మొదలవుతాయి. 13 నుంచి 17 ఏళ్ల పిల్లలకు నేనూ చాలా వేసవులు నేర్పాను. మిగతాదంతా బాగానే నేర్పేవాళ్లు కూడా ఏడుపు సీను దగ్గర పిల్లల్ని ఇబ్బంది పెడుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

కావాల్సినవి తక్కువే. గాలి ఆడే హాలు, ఒక జంపఖానా, తాగునీళ్లు. బ్యాచ్‌లో 12 మందికి మించకూడదు. పొద్దున 6 నుంచి 8 వరకే క్లాసు. రోహిణి కార్తెలో 9 దాటితే మన ఊళ్లలో పిల్లలకు నిలబడే ఓపిక ఉండదు. అద్దం వద్దు. ఫోన్లు సంచుల్లోనే ఉండాలి.

మొదటి వారం ఒళ్లు వదులు చేయించడం, ఊపిరి, గొంతు. మగపిల్లలకు గొంతు మారే వయసు కాబట్టి అరిపించకండి.

రెండో వారం చిన్న సన్నివేశాలు. సినిమా డైలాగులు అసలు ఇవ్వొద్దు. ఇస్తే పిల్లవాడు ఆ హీరోని చేస్తాడు, మనిషిని చేయడు. ఆత్మకూరు బస్టాండులో చివరి బస్సు తప్పినవాడిని చేయమనండి. మన యాసలోనే మాట్లాడనివ్వండి. 'ఏడికి పోతుండావు అబ్బయా' అనే పిల్లవాడిని దిద్దారంటే వాడి నోటితో పాటు ఒళ్లూ బిగుసుకుపోతుంది.

ఇక ఏడుపు. లైట్లు ఆపి, కళ్లు మూయించి, 'మీ ఇంట్లో చనిపోయినవాళ్లను గుర్తు తెచ్చుకోండి' అంటారు చాలామంది. ఇది ఎప్పుడూ చేయకండి. నేను చూసిన ఒక క్లాసులో 14 ఏళ్ల అమ్మాయి వాళ్ల నాయనను తలచుకుని ఏడుపు మొదలుపెట్టింది. అరగంటైనా ఆగలేదు. నేర్పేవాడు 'ఫీల్ అంటే ఇదీ' అని అందరిచేత చప్పట్లు కొట్టించాడు. ఆ పిల్ల మళ్లీ క్లాసుకు రాలేదు.

దీనికి రష్యా నాటక దర్శకుడు, నటన నేర్పిన గురువు స్టానిస్లావ్‌స్కీ పేరు చెబుతారు. సొంత జ్ఞాపకాలను వాడుకోవడం గురించి ఆయన చెప్పిన మాట నిజమే. కానీ 1938లో చనిపోయే ముందు, చివరి ఏళ్లలో ఆయన పట్టుకున్నది వేరే దారి. పాత్ర చేసే పనిని నటుడు నిజంగా చేస్తే భావం దాని వెంటే వస్తుందన్నాడు. పిల్లలకు ఆ దారే సరైనది.

నేను ఇచ్చే సీను ఇది. కోవూరు దగ్గర రొయ్యల గుంట. వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలి పంట పోయింది. అదే రోజు కొడుకు కాలేజీ ఫీజు అడగాలి. తండ్రి వేషం వేసేవాడికి 'బాధపడు' అని చెప్పొద్దు. మిగిలిన మేత బస్తాలు లెక్కపెట్టమనండి. కొడుకుకు సంగతి తెలియనివ్వకూడదు, అదే వాడి పని. కొడుకు మాత్రం జవాబు వచ్చేదాకా వదలకూడదు. ఏడవాలని చూసేవాడిని చూస్తే మనకేమీ అనిపించదు. ఆపుకునేవాడిని చూస్తేనే గుండె పట్టేస్తుంది.

కన్నీళ్లు రాకపోతే వదిలేయండి. నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్విక భావాల్లో, అంటే లోపలి భావం ఒంటి మీద కనిపించే గుర్తుల్లో, కన్నీరు ఒకటి మాత్రమే. గొంతు మారడం, వణుకు కూడా వాటిలోవే. నాలుగో బస్తా దగ్గర లెక్క తప్పి గొంతు జీరబోతే సీను పండినట్టే. కన్నీళ్లు వచ్చినవాళ్లకు చప్పట్లు కొట్టించకండి. కొట్టిస్తే మర్నాటి నుంచి పిల్లలందరూ కన్నీళ్ల కోసమే చేస్తారు.

సీను ఇచ్చే ముందు ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి మాట్లాడండి. మన జిల్లాలో నిజంగానే గుంటల్లో నష్టపోయిన ఇళ్లున్నాయి. అలాంటి ఇంటి బిడ్డ ఉంటే సీను మార్చేయండి. చెయ్యి ఎత్తితే సీను ఆగిపోతుందని ముందే చెప్పండి. ఎత్తినవాళ్లను ఎందుకని అడగొద్దు.

అయ్యాక వెంటనే ఇంటికి పంపకండి. నీళ్లు తాగించి, ఆవరణలో రెండు చుట్లు నడిపించి, సొంత పేరుతో పిలిచి, పొద్దున ఏం తిన్నారో అడగండి. మామూలుగా కబుర్లు చెప్పేదాకా, కనీసం 10 నిమిషాలు, దగ్గరే ఉంచుకోండి.

చివరి రోజు తల్లిదండ్రుల ముందు ప్రదర్శన పెడితే ఈ సీనును మధ్యలో వేయండి. ఆ తర్వాత పిల్లలందరూ కలిసి చేసే నవ్వుల సీను ఒకటి ఉండాలి.