ఆదివారం షటిల్ ఆట: వాట్సాప్ గందరగోళం ఎలా తీరిందంటే

మా కాలనీ బ్యాడ్మింటన్ క్లబ్‌కి ఆదివారం పొద్దున రెండు కోర్టులు దొరుకుతాయి. డబుల్స్ కాబట్టి ఒకేసారి ఎనిమిది మంది, బయట ఆగేవాళ్లు నలుగురు. పన్నెండు మంది దాటితే ఎవరికీ ఆట తృప్తిగా ఉండదు.

గ్రూపులో "నేనూ వస్తా" అన్న మెసేజీలు గుడ్ మార్నింగ్ బొమ్మల కింద కలిసిపోయేవి. ఒక వారం పదిహేడు మంది వచ్చారు. చాలాసేపు బెంచీ మీదే కూర్చుని వెళ్లిపోయిన ఒక పెద్దాయన ముఖం నన్ను చాలా బాధపెట్టింది.

ఆటకి వేరే గ్రూపు పెట్టాను. గురువారం రాత్రి "ఆదివారం వస్తారా?" అని పోల్ వేసి, ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఎంచుకునే వీలు ఆపేసి, ఏడు రోజులపాటు చాట్ పైనే కనిపించేలా పిన్ చేస్తాను. మొదట "చూస్తాను" అని మూడో ఆప్షన్ ఇచ్చి తప్పు చేశా, సగం మంది అదే నొక్కారు. ఇప్పుడు రెండే: వస్తా, రాలేను. ఎవరు ఎప్పుడు ఓటేశారో టైంతో సహా కనిపిస్తుంది కనుక మొదటి పన్నెండు మంది ఎవరన్న వాదన లేదు.

ఒక చిక్కు మిగిలింది. ఎవరైనా ఓటు మార్చుకుంటే గ్రూపులో మిగతావాళ్లకి కబురు అందదు. అందుకే శనివారం సాయంత్రం తర్వాత మానుకునేవాళ్లు మెసేజ్ పెట్టాలన్నాం. పదమూడో మనిషికి నేనే ఫోన్ చేస్తాను. పోయిన వారం ఆ ఫోన్ ఆ పెద్దాయనకే వెళ్లింది.