ఎముకల తంటా గ్లాసులో ఉందా?

ఎముకలు గుల్లబారుతుంటే నొప్పి పుట్టదు. చిక్కంతా అక్కడే. చిన్నగా జారిపడితేనే మణికట్టు విరగడం, ఎత్తు తగ్గడం, వెన్ను వంగడం, లేదా డెక్సా స్కాన్‌లో (ఎముక సాంద్రత కొలిచే ఎక్స్‌రే పరీక్ష) టి-స్కోరు, అంటే ఆరోగ్యమైన యువత ఎముకలతో పోల్చి ఇచ్చే అంకె, -2.5కి, అంతకంటే కిందికి రావడం: అప్పటిగ్గానీ బయటపడదు. మనం రోజూ తాగేవాటికి ఇందులో పాత్ర ఎంతో ఒక్కొక్కటిగా చూద్దాం. అలాగని మోకాళ్లు పట్టేశాయని కాఫీని తిట్టుకోకండి. అది చాలావరకు కీళ్ల అరుగుదల, వేరే కథ.

సమస్య: కాఫీ లేనిదే పొద్దు గడవదు. స్కాన్‌లో ఎముక సాంద్రత తక్కువొచ్చింది.
కారణం: కెఫీన్ వల్ల మూత్రంలో కాల్షియం కాస్త ఎక్కువ పోతుంది. ఎంతంటే, ఒక కప్పుకి పోయేదాన్ని ఒకటి రెండు పెద్ద చెంచాల పాలు పూడ్చేస్తాయి. అందుకే పాలు, పెరుగు ముట్టకుండా రోజంతా బ్లాక్ కాఫీతో నెట్టుకొచ్చేవాళ్లకే ఇబ్బంది ఎక్కువ.
పరిష్కారం: మానేయక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మి.గ్రా. కెఫీన్ వరకు ఫర్వాలేదు. 240 మి.లీ. కాఫీలో సుమారు 95 మి.గ్రా. ఉంటుంది, టీలో అందులో సగం. కప్పుల లెక్క కంటే కాల్షియం లెక్క ముఖ్యం: పెద్దవాళ్లకు రోజుకు 1000 మి.గ్రా., 50 దాటిన ఆడవాళ్లకు 1200. పాలు 240 మి.లీ. తాగితే దాదాపు 300 వస్తుంది.

సమస్య: రోజూ కూల్‌డ్రింక్ పడాల్సిందే.
కారణం: గ్యాస్ బుడగలు కావు. 2006లో వెలువడిన అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలో కోలా ఎక్కువగా తాగే ఆడవాళ్లకు తుంటి ఎముక సాంద్రత తక్కువగా కనిపించింది. మగవాళ్లలో గానీ, కోలా కాని గ్యాస్ డ్రింకులతో గానీ అలా లేదు. అనుమానం కోలాలో కలిపే ఫాస్ఫారిక్ ఆమ్లం మీద. నాకైతే పాల గ్లాసు ఉండాల్సిన చోట కోలా వచ్చి కూర్చోవడమే అసలు దెబ్బ అనిపిస్తుంది, ముఖ్యంగా ఎదిగే పిల్లల్లో.
పరిష్కారం: భోజనంతో కోలా ఆపండి. బుడగలే కావాలంటే ఉత్త సోడా తాగండి, ఎముకలకు దానితో పేచీ లేదు.

సమస్య: బాదం, సోయా పాలకు మారారు, కాల్షియం అందట్లేదు.
కారణం: విడిగా కలపకపోతే వాటిలో కాల్షియం తక్కువే. కలిపినా ప్యాకెట్ అడుగున పేరుకుంటుంది.
పరిష్కారం: 100 మి.లీ.కి 120 మి.గ్రా. ఉందేమో లేబుల్ చూడండి, బాగా కుదిపి పోసుకోండి. పాలకూర జ్యూస్‌ని మాత్రం నమ్ముకోవద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియంను కట్టిపడేస్తుంది.

మద్యం సంగతి వేరే చెప్పాలా? రోజూ ఎక్కువగా తాగితే ఎముకను కట్టే కణాలు మందగిస్తాయి, పైగా తూలి పడటం ఒకటి.

సమస్య: పళ్ల మీద గోధుమరంగు మచ్చలు, వెన్ను, కీళ్లు బిగుసుకుపోవడం.
కారణం: ఎవరూ అనుమానించని పానీయం, మంచినీళ్లు. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుపోతుంది. లీటరుకు 1.5 మి.గ్రా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు.
పరిష్కారం: కాచి తాగితే సరిపోతుందనుకుంటారు. కాస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ముందు నీళ్లు పరీక్ష చేయించండి. హద్దు దాటితే ఆర్వో ఫిల్టర్ పెట్టించుకోండి, లేదా వేరే చోటి నీళ్లు తెచ్చుకోండి.