ఇనుము కోసే గ్రైండర్‌కి డిస్క్ కొంటున్నారా?

సికింద్రాబాద్ రాణీగంజ్ బజారులో డిస్క్ ధర అడిగే ముందు దాని మీద అచ్చేసిన ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్ల వరకు తిరగొచ్చో, చూడండి. నాలుగంగుళాల గ్రైండర్లు చాలావరకు నిమిషానికి 11,000 చుట్లకు అటూఇటూగా తిరుగుతాయి. డిస్క్ మీది అంకె మెషిన్ మీదున్న దానికన్నా తక్కువైతే ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. మధ్యలో ఉండే ఇనుప రింగు మీద చాలా డిస్కులకు గడువు నెల, సంవత్సరం కూడా ఉంటాయి. అది చూసేవాళ్ళే తక్కువ.

ఇంకో తప్పు, పెద్ద డిస్క్ పట్టడం లేదని డిస్క్‌ను కప్పి ఉంచే గార్డు ఊడబీకడం. మా బాల్కనీ గ్రిల్ కోయడానికి వచ్చినతను అదే చేయబోతే పని ఆపించాను, మొహం మాడ్చుకున్నాడు పాపం. కొత్త డిస్క్ బిగించాక ఎదురుగా నిలబడకుండా, కళ్ళద్దాలు పెట్టుకుని అర నిమిషం ఖాళీగా తిప్పి చూడండి. మార్చేటప్పుడు మాత్రం స్విచ్ ఆపితే సరిపోదు. ప్లగ్గు పీకి కళ్ళెదురుగా పెట్టుకోండి.