భోగి పిడకల దండ చేసుకోవడం ఎలా?

భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. పిడకలు మాత్రం డిసెంబరు నెలాఖరుకే ఎండలో పడాలి. కోనసీమలో, గోదావరి లంకల్లో ధనుర్మాసపు మంచు పొద్దెక్కేదాకా వీడదు. ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో ఎండే పిడకకు ఇప్పుడు వారం పైనే పడుతుంది.

ఏ రోజు పేడ ఆ రోజే వాడాలి. పచ్చగడ్డి మేసిన పశువు పేడ జారుగా ఉండి పిడక నిలవదు. వరిగడ్డి తిన్న ఆవు పేడ గట్టిగా వస్తుంది. చిన్న బకెట్ పేడకు సన్నగా తరిగిన ఎండుగడ్డి రెండు గుప్పెళ్ళు వేసి, నీళ్ళు పోయకుండా బాగా పిసకండి. గడ్డి పీచు పట్టి ఉంచుతుంది కాబట్టి బీటలు రావు. గడ్డికి బదులు ఊక ఎక్కువగా వేస్తే చిల్లు చుట్టూ పొడిపొడిగా రాలిపోతుంది. చేతికి గాయమున్న పిల్లల్ని మాత్రం ముట్టనివ్వకండి, పేడలో ధనుర్వాతం క్రిములుండవచ్చు. పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

నిమ్మకాయంత ముద్దను అర అంగుళం మందాన గారెలా తట్టి, నడుమ బొటనవేలు దూరేంత చిల్లు పెట్టండి. ఎండేకొద్దీ పిడక ముడుచుకుని చిల్లు సన్నబడుతుంది. అలాగని ఎండాక పొడిచారో, పిడక రెండు ముక్కలే.

నేల మీద ఊక చల్లి, ఒకదానికొకటి తగలకుండా పరవండి. రెండో రోజు సాయంత్రానికి పైభాగం గట్టిపడుతుంది, అప్పుడు తిరగేయండి. అసలు జాగ్రత్త ఇక్కడే: పొద్దు వాలకముందే రోజూ లోపలికి చేర్చాలి. ఒక్క రాత్రి మంచులో వదిలేస్తే ఎండింది కాస్తా మళ్ళీ మెత్తబడి తెల్లటి బూజు పడుతుంది. ఒకటి విరిచి చూడండి. లోపల పచ్చిగా, ముదురు రంగులో తేమ కనిపిస్తే ఇంకో రెండెండలు కావాలి. పచ్చి పిడక మండదు, కళ్ళు మండించే పొగే వస్తుంది.

గుచ్చడానికి సన్నటి కొబ్బరి తాడు మేలు. నైలాన్ తాడు మంటలో కరిగి చేతికి అంటుకుంటుంది. అడుగున పెద్ద ముడి వేసి గుచ్చుకుంటూ పోండి. బిగించి కడితే అంచులు రాసుకుని విరుగుతాయి, రెండు వేళ్ళ సందు వదలండి. భోగి దాకా గాలాడేచోట వేలాడదీయండి, పాలిథిన్ సంచిలో కట్టిపెట్టొద్దు.

మంట దగ్గర దండ పిల్లల మెడలో ఉండకూడదు. ముందే చేతికిచ్చి, పెద్దవాళ్ళు పక్కన నిలబడి వేయించాలి. కిరోసిన్, టైర్లు వద్దు. కింద ఎండు కొబ్బరి మట్టలు, తాటాకులు పేర్చితే చాలు, పిడకలు వాటంతటవే అంటుకుంటాయి.