రాతి పలకలోని నైటియా చేపను చెడగొట్టకుండా బయటపెట్టడం ఎలా?

నైటియా శిలాజాలను శుభ్రం చేసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. కొత్తవాళ్లు తెచ్చి చూపించే పలకల్లో తరచూ ఒకటే కథ. ఒళ్లు బాగానే ఉంటుంది, తోక ఉండదు. దాదాపు 5 కోట్ల 20 లక్షల ఏళ్లు రాతిలో చెక్కుచెదరకుండా ఉన్న తోక, ఒక్క సాయంత్రం తొందరపడి గీకడంతో పోతుంది. చూసిన ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నైటియా హెర్రింగ్, సార్డీన్ల కుటుంబానికి చెందిన చిన్న మంచినీటి చేప. ఆ జాతి ఇప్పుడు లేదు. ఈయోసీన్ కాలంలో, ఇప్పటి అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం నైరుతి మూలన ఉన్న సరస్సులో గుంపులు గుంపులుగా తిరిగేది. ఆ సరస్సు అడుగున పేరుకున్న సున్నపు బురదే ఇప్పటి గ్రీన్ రివర్ రాతి పొరలు. వయోమింగ్ యూనివర్సిటీలో పనిచేసిన ప్రొఫెసర్ విల్బర్ నైట్ గుర్తుగా, 1907లో డేవిడ్ స్టార్ జోర్డాన్ దీనికి ఈ పేరు పెట్టాడు. 1987 నుంచి ఇది వయోమింగ్ రాష్ట్ర శిలాజం.

పలక ఎక్కడిది?

వయోమింగ్‌లోనే ఉన్న రక్షిత ప్రాంతం ఫాసిల్ బ్యూట్ నేషనల్ మాన్యుమెంట్‌లో చూడటమే, తవ్వి తెచ్చుకోకూడదు. మిగతా ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) భూముల్లో కూడా వెన్నెముక ఉన్న జీవుల శిలాజాలను పర్మిట్ లేకుండా తీయకూడదు. కెమ్మెరర్ ఊరి చుట్టుపక్కల ఉన్న ప్రైవేటు క్వారీల్లో డబ్బు కట్టి తవ్వుకోవచ్చు, నైటియా దొరికితే తెచ్చుకోవచ్చు.

అక్కడ రెండు రకాల పొరలుంటాయి. ఒకదాంట్లో రాయి సరిగ్గా చేప ఉన్నచోటే రెండుగా విడిపోతుంది. చేప వెంటనే కనబడుతుంది, మీకు పెద్దగా పని ఉండదు. రెండోది పద్దెనిమిది అంగుళాల పొర. అందులో చేప మీద ఇంకా రాయి కప్పుకుని ఉంటుంది. ముదురు గోధుమ రంగు ఎముకలతో అద్భుతమైన చేపలు వచ్చేది ఇందులోంచే, పాడయ్యేదీ ఇవే. ఇక్కడ చెప్పేదంతా ఈ రెండో రకం గురించి.

కావలసినవి

పిన్ వైస్‌లో (సన్నటి పనిముట్లను పట్టి ఉంచే చిన్న చేతిపిడి) బిగించిన ఉక్కు సూది, చిన్న స్కాల్పెల్ (సర్జన్లు వాడే కత్తి), మెత్తటి బ్రష్, స్టాండున్న భూతద్దం (మైక్రోస్కోప్ ఉంటే మరీ మంచిది), మెడ వంచగలిగే టేబుల్ ల్యాంప్, ఐసోప్రోపైల్ ఆల్కహాల్, పారాలాయిడ్ బి-72 (ఎముకను గట్టిపరిచే యాక్రిలిక్ రెసిన్), దాన్ని కరిగించడానికి ఎసిటోన్. దుమ్ము లోపలికి పోకుండా ఎన్-95 మాస్క్. అంతే.

ఆరబెట్టి, చేప ఎక్కడుందో చూసుకోండి

కొత్తగా తవ్విన పలకలో తడి ఉంటుంది. నీడలో రెండు వారాలు వదిలేయండి. ఎండలో పెట్టినా, ఓవెన్‌లో పెట్టినా పొరలు పొరలుగా లేచిపోతుంది. అంచుల్లో చీలిక కనిపిస్తే పల్చటి సూపర్ గ్లూ ఒక చుక్క దింపండి.

తర్వాత గదిలో లైట్లన్నీ ఆర్పి, ల్యాంప్‌ను పలకకు పక్కగా, దాదాపు బల్ల ఎత్తులోనే పెట్టండి. రాతి కింద వెన్నెముక ఉన్నచోట సన్నటి గట్టులాంటి నీడ పడుతుంది. క్వారీల్లో రాత్రిపూట లైట్లు పెట్టుకుని వెతికేది కూడా ఈ నీడ కోసమే. ఆ గట్టు వెంట పెన్సిల్‌తో మెల్లగా గీత గీసుకోండి. గట్టు పొడవు, పైకి చూస్తున్న నోరు, పొడవాటి అడుగు రెక్క గమనిస్తే అది నైటియానా, దాని బంధువు డిప్లోమిస్టస్సా అన్నది కూడా తేలుతుంది. పైకి చూసే నోరూ, బారుగా సాగే అడుగు రెక్కా డిప్లోమిస్టస్‌వి.

ఆఖరి పొర

పైనున్న మందపాటి రాయిని స్కాల్పెల్‌తో పొరలు పొరలుగా లేపేయడం ఎవరికైనా వచ్చేస్తుంది. అసలు పని ఎముక మీద వెంట్రుకంత మందాన మిగిలిన రాయి దగ్గర మొదలవుతుంది. ఇక్కడ దయచేసి నెమ్మదించండి.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. ఈ రాయి సున్నపురాయి, దానిలోని కాల్సైట్ అనే ఖనిజం గట్టితనం మోస్ కొలతలో (ఖనిజాల గట్టితనాన్ని 1 నుంచి 10 వరకు చెప్పేది) 3. ఎముకలోని ఖనిజం గట్టితనం 5. ఉక్కు సూది ఆ రెంటికన్నా గట్టిది. కాబట్టి ఎముక దానంతటదే సూదిని ఆపుతుందని నమ్ముకోవద్దు. ఆపాల్సింది మీ చెయ్యే.

సూదిని నిలువుగా పట్టుకుని పొడవకండి. రాతికి దాదాపు ఆనించి పడుకోబెట్టి, దాని పక్క అంచుతో తోయండి. రాయి పొడిగా రాలకూడదు, చిన్న చిన్న రేకులుగా లేవాలి. పొడి రాలుతుంటే మీరు నొక్కుతున్నట్టు. రేకు లేచిందంటే రాయి ఎముక నుంచి తనంతట తాను విడిపోతున్నట్టు. ఆ విడిపోయే అవకాశం దానికి ఇవ్వడమే మన పని.

ఎప్పుడూ నడుము మధ్యలో, వెన్నుపూస మీద మొదలుపెట్టండి. చేపలో అన్నిటికన్నా గట్టి భాగం అదే. అక్కడ ఎముక ఎంత లోతులో ఉందో తెలిశాక, ఆ మట్టం వెంటే తోక వైపు వెళ్లండి. పక్కటెముకలను వెన్నెముక దగ్గర్నుంచి బయటికి, వాటి పొడవు వెంటే శుభ్రం చేయండి. అడ్డంగా గీస్తే దారంలా ఉన్న ముల్లు సూదితోపాటు వచ్చేస్తుంది. తల తర్వాత. రెక్కలు, తోక అన్నిటికన్నా ఆఖరున, అది కూడా మర్నాడు. అలసిన చేత్తో తోకను ముట్టుకోకూడదు. నా చేతుల్లో పాడైన మొదటి తోక రాత్రి పదకొండు దాటాక చేసిందే. ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. ఆరు రెక్కపుల్లలు లేచిపోయాయి, వాటిని మళ్లీ అతికించే దారే లేదు.

రాయి కింద ఏముందో అనుమానం వస్తే, బ్రష్‌తో ఒక చుక్క ఆల్కహాల్ రాయండి. పల్చటి రాతి కింద ఎముక ఉంటే, తడిగా ఉన్న కొన్ని క్షణాలు ముదురు రంగుగా కనబడుతుంది. ఆరాక మాత్రమే సూది పట్టండి.

ఇక్కడే ఇంకో రెండు చోట్ల చాలామంది నష్టపోతారు. ఒకటి, నైటియాకి పొట్ట కింద అంచు వెంట రంపపు పళ్లలాంటి చిన్న గట్టి పలకలు వరుసగా ఉంటాయి, తల వెనక వీపు మీద కూడా ఉంటాయి. రాతిముక్కలనుకుని వీటిని గీకేస్తారు. రెండోది, ఒంటి మీద పల్చటి గోధుమ రంగు పొర. అది మరక కాదు, పొలుసులు. కింద పక్కటెముకలు అందంగా కనబడతాయని పొలుసులు గీకేయకూడదు. చేప ఎలా దొరికిందో అలాగే ఉండాలి. దీంట్లో నాకు రెండో మాట లేదు.

యాసిడ్ గురించి అడుగుతూనే ఉంటారు. వెనిగర్ పోస్తే సున్నపురాయి కరుగుతుంది కదా, సులువు కదా అని. కరుగుతుంది నిజమే, కానీ ఎముక కూర్చున్న రాయి కూడా కరుగుతుంది. కాళ్లకింద నేల జారిపోయాక ముళ్లు నిలబడవు. గాలితో పొడి చిమ్మే మెషిన్ ఉన్నవాళ్లు తక్కువ ప్రెషర్‌లో బేకింగ్ సోడా వాడొచ్చు, అది కాల్సైట్ కన్నా కాస్త మెత్తనిది. అల్యూమినియం ఆక్సైడ్ మాత్రం వద్దు, దాని గట్టితనం 9. అయినా కనీసం పది చేపలు సూదితో చేశాకే మెషిన్ జోలికి వెళ్లాలి. రాయి ఎప్పుడు వదులుతుందో సూది పట్టిన వేళ్లకే తెలుస్తుంది. మెషిన్‌తో మొదలుపెట్టినవాళ్ల పలకల మీద చేప చుట్టూ గుంట పడి ఉంటుంది, చూడగానే గుర్తుపట్టొచ్చు.

గట్టిపరచడం

100 మిల్లీలీటర్ల ఎసిటోన్‌లో 3 గ్రాముల పారాలాయిడ్ కరిగించి, ఎముకల మీద మాత్రమే బ్రష్‌తో ఒక పూత వేయండి. కిటికీలు తెరిచి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. వార్నిష్ వద్దు. ఏళ్లు గడిచాక పచ్చబడుతుంది, తీయడం కష్టం. పారాలాయిడ్‌ను కావాలంటే మళ్లీ ఎసిటోన్‌తో తీసేయొచ్చు. విరిగిన రెక్కను రంగుతో గీయడం కూడా వద్దు. లేనిది లేనట్టే ఉండనివ్వండి.

చివరగా పలక వెనక, పెన్సిల్‌తో కాదు, చెరగని ఇంకుతో రాయండి: ఏ క్వారీ, ఏ పొర, ఏ తేదీన తవ్వారు. కాగితం మీద రాసి అంటించకండి, అది ఊడిపోతుంది.