"అన్నా, అది నన్ను గెంటేసింది": సైట్లలో జనం ఎక్కడ ఇరుక్కుంటారు, ఎలా సరిచేయాలి

మా పిన్ని కొడుక్కి ఇరవై నాలుగేళ్లు. మేధో వైకల్యం అని సర్టిఫికెట్‌లో ఉంది, ఇంట్లో మాత్రం వాడు కొంచెం నిదానం అంటారు అంతే. ఫోన్ మాత్రం బాగానే వాడతాడు, యూట్యూబ్‌లో పాట కావాలంటే మైక్ నొక్కి అడుగుతాడు, వాట్సాప్‌లో రోజుకి ఇరవై వాయిస్ మెసేజ్‌లు పెడతాడు. పోయిన వేసవిలో ఏదో పాస్ రెన్యువల్ తనే చేసుకుంటానని కూర్చుని అరగంట తర్వాత నాకు ఫోన్ చేశాడు. "అన్నా, అది నన్ను గెంటేసింది." ఏది గెంటేసింది రా అంటే, సైటు అన్నాడు.

నేను ఫ్రంటెండ్ పని చేస్తాను, అంటే సైట్లలో జనానికి కనబడే భాగం కడతాను. నిజం చెప్పాలంటే ఇలాంటి కంప్లయింట్ మా టీమ్‌కి వస్తే టికెట్‌లో "యూజర్ ఎర్రర్" అని రాసి క్లోజ్ చేసినవాళ్లలో నేనూ ఉన్నా. ఆ ఆదివారం వాడి పక్కన కూర్చుని చూస్తే గెంటేయడం నిజమే, పది నిమిషాలు అవగానే సెషన్ కట్ అయి హోమ్‌పేజీకి పోతోంది, నింపిందంతా గల్లంతు.

అప్పట్నుంచి నాకు ఒక అలవాటైంది. ఎవరైనా ఎక్కడైనా ఇరుక్కుంటే ముందు ఒక్కటే చూస్తాను: ఆ నిమిషంలో పేజీ వాళ్లని ఏం గుర్తుపెట్టుకోమంటోంది? గుర్తుపెట్టుకునే ఆ పని పేజీకి అప్పగిస్తే సగం సమస్యలు పోతాయి. మేధో వైకల్యమే ఉండక్కర్లేదు, డిస్లెక్సియా (చదవడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం), ఆటిజం, స్ట్రోక్ వచ్చి కోలుకుంటున్నవాళ్లు, మతిమరుపు మొదలైన పెద్దవాళ్లు, అందరూ ఇరుక్కునేది దాదాపు ఇవే చోట్ల. కింద రాసేవి నేను విన్న మాటలు విన్నట్టే, వాటి వెనక కారణం, ఆపైన రిపేరు.

"గెంటేసింది" / "మొదటికొచ్చింది"

కారణం: సెషన్ టైమౌట్, అంటే కాసేపయ్యాక సైటు తనంతట తానే లాగౌట్ చేసేయడం. ఒక్కో గడి రెండుసార్లు చదివి, ఆధార్ నంబర్ కార్డు చూసి నాలుగేసి అంకెలు కొట్టి, మధ్యలో అమ్మని ఏదో అడిగొచ్చే మనిషికి పది నిమిషాలు ఏ మూలకీ చాలవు.

రిపేరు: సెక్యూరిటీ వాళ్లు సెషన్ పెంచనివ్వరు, తెలుసు, వాళ్లతో గొడవపడకండి. సెషన్ చిన్నగానే ఉంచి, నింపింది మాత్రం సర్వర్‌లో డ్రాఫ్ట్‌గా దాచండి, మళ్లీ లాగిన్ అయితే అదే పేజీలో అదే గడి దగ్గరికి తీసుకురండి. టైమ్ అయిపోయే ముందు చెప్పాలి, ఒక్క బటన్‌తో పొడిగించుకోనివ్వాలి. సైట్లు వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా ఎలా కట్టాలో చెప్పే అంతర్జాతీయ రూల్స్ ఉన్నాయి, డబ్ల్యూసీఏజీ, అదే అందరూ వికాగ్ అంటారే, అందులో ఈ హెచ్చరికకి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని, కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలని ఉంది. నన్నడిగితే 20 సెకన్లు మరీ తక్కువ, మా వాడికి ఆ బాక్సు చదవడానికే అంత పడుతుంది, నేను రెండు నిమిషాలు పెడతాను. బాక్సులో "యువర్ సెషన్ ఈజ్ అబౌట్ టు ఎక్స్‌పైర్" అని కాకుండా "ఇంకా టైమ్ కావాలా?" అని రాసి, కింద పెద్దగా "కావాలి" అని ఒక బటన్.

"ఓటీపీ వచ్చేసరికి అది పోయింది"

ఇది ఒకసారి దగ్గర్నుంచి చూడండి. పేజీలో ఆరు చిన్న గళ్లు, పైన 30 సెకన్ల టైమర్ ఎర్రగా తిరుగుతోంది. మెసేజ్ వచ్చింది. వాడు మెసేజ్ తెరిచాడు, 4 8 1 అని పైకి చదువుకుంటూ బ్రౌజర్‌కి వచ్చాడు, మూడు కొట్టాడు, మిగతా మూడు మర్చిపోయి మళ్లీ మెసేజ్‌కి వెళ్లాడు, తిరిగొచ్చేసరికి పేజీ రిఫ్రెష్ అయి గళ్లన్నీ ఖాళీ. రీసెండ్ నొక్కితే ఇంకో ఓటీపీ వచ్చింది, వాడు చూసింది పాతది. మూడుసార్లు తప్పు కొడితే లాక్.

కారణం: ఇక్కడ పేజీ పరీక్ష పెడుతున్నది జ్ఞాపకశక్తికి. ఆ మనిషి ఎవరో తేల్చుకోవడానికి ఆ పరీక్ష అవసరమే లేదు. 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో 3.3.8 అనే కొత్త రూలు సరిగ్గా దీని గురించే: లాగిన్ కోసం ఏదైనా గుర్తుంచుకోమనడం, పజిల్ విప్పమనడం, ఒకచోట చూసి ఇంకోచోట ఎక్కించమనడం, ఇవే దారి అయితే కుదరదు, వేరే దారో సాయమో ఉండాలి.

రిపేరు: ఆరు గళ్లు తీసేసి ఒక్క గడి పెట్టండి. దానికి ఆటోకంప్లీట్ విలువ "వన్-టైమ్-కోడ్" అని ఇస్తే చాలా ఫోన్లలో కీబోర్డు పైనే ఆ నంబర్ కనిపిస్తుంది, ఒక్కసారి తాకితే చాలు. ఇన్‌పుట్‌మోడ్ న్యూమరిక్ ఇవ్వండి, టైప్ మాత్రం నంబర్ అని పెట్టొద్దు. పేస్ట్ ఆపే కోడ్ ఉంటే ఇవాళే తీసేయండి, పాస్‌వర్డ్ గడిలో కూడా, పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్లకి అదే ఆధారం. పాస్‌వర్డ్ చూపించే కన్ను బొమ్మ పక్కన "చూపించు" అని మాట కూడా రాయండి. రీసెండ్ చేసినా పాత ఓటీపీని కాసేపు ఒప్పుకోవచ్చేమో మీ బ్యాకెండ్ వాళ్లని అడగండి, నేనడిగితే ఒకచోట కుదరదన్నారు, ఒకచోట ఐదు నిమిషాలు ఇచ్చారు.

క్యాప్చా సంగతి వేరే చెప్పాలా? వంకర అక్షరాలు చూసి కొట్టమనేది పూర్తిగా ఎత్తేయండి. కొన్ని సైట్లు మంచి చేస్తున్నామనుకుని తెలుగు అక్షరాలతో క్యాప్చా పెడతాయి, మ-య, ప-వ-ష, ద-ధ-థ పక్కపక్కనే పెట్టి మీద గీతలు గీస్తే డిస్లెక్సియా ఉన్నవాళ్ల దాకా ఎందుకు, నేనే రెండుసార్లు ఫెయిలయ్యా.

"అన్నీ నింపినా ఎర్రగా వస్తోంది"

కారణం సాధారణంగా మూడు, అన్నీ కలిసే వస్తాయి. గడి పేరు గడి లోపలే బూడిద రంగులో ఉంటుంది, టైప్ చేయడం మొదలెట్టగానే మాయం, ఇక అక్కడ ఏం అడిగారో గుర్తుండదు. తప్పు ఎక్కడుందో చెప్పకుండా పైన ఎక్కడో "ఇన్‌వ్యాలిడ్ ఇన్‌పుట్" అని వస్తుంది. తేదీ ఏ వరుసలో రాయాలో చెప్పరు, రాశాక తప్పంటారు.

రిపేరు: పేరు గడి పైన, ఎప్పుడూ కనబడేలా. తప్పు ఆ గడి పక్కనే, ఎలా సరిచేయాలో కూడా చెబుతూ: "ఫోన్ నంబర్‌లో 10 అంకెలుండాలి, మీరు 9 కొట్టారు." మధ్యలో ఖాళీ ఇచ్చారనో, ముందు సున్నా పెట్టారనో తప్పనకండి, ఆ ఖాళీ తీసేయడం కోడ్‌లో ఒక్క లైను పని, దానికి మనిషిని తిట్టడం ఎందుకు. ఒక తప్పుంటే మిగతా గళ్లు ఖాళీ చేసే ఫారం రాసినవాళ్ల మీద నాకు వ్యక్తిగతంగా కోపం. అడ్రస్ ఒకసారి ఇచ్చాక మూడో పేజీలో మళ్లీ అడగొద్దు, "ఇదే అడ్రసా?" అని చూపించండి, ఇది కూడా 2.2లో కొత్తగా వచ్చిన రూలే, 3.3.7.

"ఏం రాశారో అర్థం కావట్లేదు"

మనవాళ్లు తెలుగు సైటు అనగానే గ్రాంథికం ఎత్తుకుంటారు. ఇలాంటి వాక్యం మీరూ చూసే ఉంటారు: "దరఖాస్తుదారుడు సమర్పించిన వివరములయందు లోపములు ఉన్నయెడల దరఖాస్తు తిరస్కరింపబడును." మా వాడికి చదివి వినిపిస్తే "ఎవరినో తిడుతున్నారా?" అన్నాడు. అదే మాట ఇలా రాశాను: "మీ వివరాల్లో తప్పుంటే అప్లికేషన్ తీసుకోం. పంపే ముందు ఒకసారి చూసుకోండి." ఆ, సరే అన్నాడు.

కారణం: పొడుగు వాక్యం, "యెడల", "బడును" లాంటి ముడులు, ఎవరు ఏం చేయాలో చివరిదాకా తెలియదు. రెండో కారణం, ఒకే పనికి మూడు పేర్లు: ఒక పేజీలో "సమర్పించు", ఇంకో పేజీలో "సబ్మిట్", మెయిల్‌లో "దాఖలు". చదివేవాడు ఇవి మూడు వేర్వేరు పనులనుకుంటాడు, అనుకోవడంలో తప్పేముంది?

రిపేరు: ఒక వాక్యంలో ఒక పని. ఒక పనికి ఒకే పేరు సైటంతా. ఇంట్లో వాడే మాట వాడండి, అది ఇంగ్లిష్ మాటైనా పర్లేదు, "సంచార దూరవాణి" అని ఎవరూ అనరు, ఫోన్ అంటే ఫోనే. "కాకపోతే తప్ప, లేనిచో" లాంటి రెండు కాదనడాలు ఒకే వాక్యంలో వద్దు. మెనూలో బొమ్మలుంటే పక్కన మాట కూడా, మూడు గీతల బొమ్మ మెనూ అని పుట్టుకతో ఎవరికీ తెలియదు.

చదవలేనివాళ్లు వింటారు, ఇది చాలామంది డెవలపర్లకి తట్టదు. ఫోన్‌లో చదివి వినిపించే సౌకర్యం ఉంది కదా, అది పనిచేయాలంటే పేజీ పైన లాంగ్ విలువ "టీఈ" అని ఉండాలి. టెంప్లేట్‌లో వచ్చిన "ఈఎన్" అలాగే వదిలేస్తే ఇంగ్లిష్ గొంతు తెలుగుని చదవడానికి ప్రయత్నిస్తుంది, ఒక్కోసారి అసలు నోరే తెరవదు. ఇంకా ఘోరం, అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లు) కొట్టి పీడీఎఫ్ చేసిన నోటీసులు. కంటికి తెలుగే, కానీ కాపీ చేసి చూడండి, ఏవో ఇంగ్లిష్ గుర్తులు వస్తాయి, వినిపించే సాఫ్ట్‌వేర్‌కి దొరికేది కూడా అదే చెత్త. స్కాన్ చేసిన బొమ్మ అయితే ఆ చెత్త కూడా దొరకదు. యూనికోడ్‌లోకి మార్చో, మళ్లీ కొట్టో మామూలు పేజీగా పెట్టండి.

"అక్షరాలు మీద మీద పడుతున్నాయి"

కారణం: ఇంగ్లిష్ కోసం కట్టిన లైన్-హైట్, అంటే ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు. మనకి కింద వత్తులు, పైన గుడులు, "స్త్రీ", "రాష్ట్రం" లాంటివి వస్తే కింది లైను గుడి పై లైను వత్తుకి తగులుతుంది. 1.2 ఉంటే 1.7 దగ్గరికి తీసుకెళ్లండి, బటన్లకి ఎత్తు ఫిక్స్ చేయొద్దు, వత్తులు తెగిపోతాయి. లైన్లని రెండు అంచులకీ సాగదీసే జస్టిఫై వద్దు, తెలుగు మాటలు పొడుగు కాబట్టి మధ్యలో గుంటలు పడి కన్ను దారి తప్పుతుంది. డిస్లెక్సియా ఫాంట్ పెట్టమని ఎవరైనా క్లయింట్ అడిగితే, బాగా పేరున్న ఓపెన్‌డిస్లెక్సిక్ ఇంగ్లిష్ లిపి కోసం చేసింది, మన అక్షరాలకి పనికిరాదు. సైజు, ఖాళీ సరిచేయడం మంచిది.

"అది కదులుతుంటే చదవలేను"

స్క్రోలయ్యే వార్తల పట్టీ, మూడు సెకన్లకి మారే బ్యానర్. తనంతట తానే మొదలై ఐదు సెకన్లు దాటి కదిలేది ఏదైనా సరే, పక్కనే వేరే విషయం ఉంటే, ఆపే బటన్ ఉండాలన్నది డబ్ల్యూసీఏజీలో పాత రూలే. ఆపే బటన్ పెట్టే బదులు బ్యానరే తీసేయండి, దాన్ని చూసేది పెట్టమన్న మేనేజరొక్కరే. ఫోన్‌లో కదలికలు తగ్గించమని సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ల కోసం ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ అనే మీడియా క్వెరీ ఉంది, నాలుగు లైన్ల సీఎస్ఎస్.

"మొన్న ఇక్కడే ఉంది, ఇవాళ లేదు"

రీడిజైన్ చేశారన్నమాట. చాలామంది సైటుని చదివి వాడరు, "కుడివైపు ఆకుపచ్చది" అని గుర్తుపెట్టుకుని వాడతారు. మార్చాల్సి వస్తే పెద్ద పనుల చోటు మార్చకండి. హెల్ప్ నంబర్ అన్ని పేజీల్లో ఒకే చోట, ఇది డబ్ల్యూసీఏజీ 2.2లో 3.2.6 రూలు. ఆ నంబర్‌కి మనిషి ఎత్తితే ఇంకా మంచిది.

"ఇవన్నీ దేనికి, విడ్జెట్ ఒకటి వేసేద్దాం"

ఇది క్లయింట్లు అనే మాట. మూలన మనిషి బొమ్మ ఉండే ఒక బటన్, నొక్కితే అక్షరం పెద్దదవుతుంది, రంగు మారుతుంది, సైటు మొత్తం రూల్స్ ప్రకారం అయిపోయిందని అమ్ముతారు. 2025లో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ ఇలాంటి గొప్పలు చెప్పుకున్న ఒక కంపెనీ చేత 10 లక్షల డాలర్లు కట్టించింది. ఆ బటన్ మీ గ్రాంథికాన్ని తేలిక చేయదు, పోయిన డ్రాఫ్ట్‌ని తిరిగివ్వదు. ఆటోమేటిక్ చెకర్లూ అంతే, గూగుల్ వాళ్ల చెకర్ లైట్‌హౌస్‌లో 100కి 100 వచ్చిన పేజీలోనే మా వాడు ఇరుక్కున్నాడు. క్లయింట్ ఇంకా నసుగుతుంటే చట్టం సంగతి చెప్పండి: 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో మేధో వైకల్యం, ఆటిజం, నేర్చుకోవడంలో ఇబ్బందులు కూడా ఉన్నాయి, 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలో 21వ అధికరణం (జీవించే హక్కు) కిందికొచ్చే హక్కని చెప్పింది.

అసలు టెస్టు మాత్రం మనిషి పక్కన కూర్చోవడమే. వచ్చినవాళ్లకి డబ్బివ్వండి, వాళ్ల టైమ్ కూడా టైమే. చేయి వెనక్కి కట్టుకోండి, మౌస్ లాక్కోవద్దు. "అర్థమైందా?" అని అడగొద్దు, ఎవరైనా ఆ అనే అంటారు, మొహమాటం. "ఇది నొక్కితే ఏమవుతుందనుకుంటున్నావ్?" అని అడగండి. వేలు గాల్లో ఆగిన చోటల్లా ఒక గుర్తు పెట్టుకోండి, అవే మీ బగ్గులు.

"అయిపోయిందా?"

ఇది చివర్లో పెట్టడానికి కారణం, నేనే చేసిన తప్పు ఇది. పైవన్నీ వేసి ఒక చిన్న సంస్థకి ఫారం కట్టిచ్చి, ముందు మా వాడితో నింపించా. అన్నీ దాటాడు, నాకు లోపల ఒకటే సంతోషం. పంపించు నొక్కాడు. పేజీ పైన ఆకుపచ్చ పట్టీ ఒకటి వచ్చి మూడు సెకన్లకి మాయమైంది, కింద ఫారం అలాగే ఉంది. వాడు నా వైపు తిరిగి "అన్నా, అయిపోయిందా?" అన్నాడు, నేను నోరు విప్పేలోపే మళ్లీ పంపించు నొక్కాడు. రెండు అప్లికేషన్లు పడ్డాయి.

కారణం: పని అయిందన్న సంగతి మూడు సెకన్లలో చదివి గుర్తుంచుకోమన్నాను. రిపేరు: ఫారం తీసేసి కొత్త పేజీ, దానంతట అది పోకుండా, "అయిపోయింది. మీ నంబర్ 2207. ఇప్పుడు మీరేమీ చేయక్కర్లేదు. వారంలో ఫోన్ చేస్తాం." అదే మాట ఎస్ఎంఎస్‌గా కూడా. బటన్ ఒకసారి నొక్కాక మళ్లీ నొక్కినా రెండోది పడకుండా సర్వర్‌లో ఆపాను. మర్నాడు మళ్లీ చేయించా. ఆ పేజీ చూసి వాడు ఫోన్ నాకిచ్చేసి టీవీ పెట్టుకున్నాడు.