రీఫ్ ట్యాంకులో రాళ్లు ఒరుగుతున్నాయా? గ్లూ కొనేముందు ఇసుక కింద చూడండి

రీఫ్ ట్యాంకులో, అంటే కోరల్స్ (పగడపు జీవులు) పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, నెలల తరబడి కదలకుండా నిలబడ్డ రాళ్లు ఒకరోజు పొద్దున చూసేసరికి ఓ పక్కకి వాలి ఉంటాయి. లేదంటే నిన్నటిదాకా అద్దం తుడిచే మ్యాగ్నెట్ క్లీనర్ హాయిగా తిరిగిన సందులో ఇప్పుడు పైరాయి అద్దానికి ఆనుకుని ఉంటుంది. అప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ గ్లూ మంచిది అని. గ్లూ సంగతి తర్వాత. ముందు చెయ్యి పెట్టి, అడుగురాయి చుట్టూ ఇసుక మెల్లగా కాస్త పక్కకి జరిపి, ఆ రాయి నిజంగా అడుగు అద్దం మీద ఆనిందా లేదా చూడండి. రెండు నిమిషాల పని. ఇది వదిలేసి పైన అతుకుల మీద ట్యూబులకి ట్యూబులు పూస్తూ కూర్చుంటారు, తీరా పడే రోజు గ్లూతో సహా, దాని మీద పెంచుకున్న కోరల్స్‌తో సహా పడుతుంది. అది చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

వేలితో నెడితే మొత్తం ఊగుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: ముందు ఇసుక పోసి, దాని మీద రాళ్లు పేర్చారు. రాళ్లు తీసి అద్దం మీద పెట్టి, తర్వాత చుట్టూ ఇసుక పోయడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు. అద్దం మీద గీతలు పడతాయని, పగులుతుందని భయమైతే కింద పల్చటి యాక్రిలిక్ షీటు పరవండి. ఎగ్ క్రేట్ అనే ప్లాస్టిక్ గళ్ల షీటు కూడా వేస్తారు గానీ నాకు నచ్చదు, ఇసుక తవ్వే చేప ఉంటే ఆ తెల్ల గళ్లు కొన్నాళ్లకి బయటపడి కనిపిస్తూ ఉంటాయి.

మొదట్లో గట్టిగానే ఉంది, నెలల తర్వాత వాలింది

అసలు మోసం ఇక్కడుంది. ఈ ట్యాంకుల వాళ్లు "నేను అద్దం మీదే పెట్టానండీ" అంటారు, నిజమే చెబుతారు కూడా. కాకపోతే ఆ రాయి అద్దాన్ని తాకింది రెండు చోట్లే. ఖాళీ ట్యాంకులో పెట్టినప్పుడు కాస్త ఊగే ఉంటుంది, చుట్టూ ఇసుక పోయగానే ఊగడం ఆగిపోయి ఉంటుంది, దాంతో కుదురుకుందనుకుని నీళ్లు నింపేశారు. నిజానికి అక్కడ మూడో కాలు ఇసుకే. హోటల్లో ఊగే బల్ల కింద మడిచి పెట్టిన కాగితం లాంటిది, అది ఉన్నంతసేపే.

ఆ ఇసుక ఎక్కడికి పోతుందంటారా? పిస్టల్ ష్రింప్ అనే రొయ్య ఉంటే రాయి కిందే ఇల్లు కట్టుకుంటుంది, రోజంతా పిడికెడు పిడికెడు బయటికి తోస్తూనే ఉంటుంది. డైమండ్ గోబీ అనే చేప నోటినిండా ఇసుక తీసుకుని జల్లెడ పట్టి ఇంకోచోట వదులుతుంది. ఇంజనీర్ గోబీ పెద్దదయ్యాక రాళ్ల కింద సొరంగాలే తవ్వుతుంది. ఇవేవీ లేకపోయినా, వేవ్‌మేకర్ (అలలు పుట్టించే పంపు) గాలి ఊదినట్టు నీటిని ఒకే మూలకి కొడుతుంటే అక్కడి ఇసుక మెల్లగా కొట్టుకుపోతుంది. గుంట ఎక్కువగా వెనకవైపు పడుతుంది, మీరు ముందునుంచి చూస్తారు కాబట్టి కనబడదు.

ఇంకొకటి, పొడిగా ఉన్నప్పుడు నెట్టి చూసిన పరీక్షని పూర్తిగా నమ్మకండి. అరగొనైట్ (రీఫ్ రాళ్లలో ఉండే సున్నపు ఖనిజం) రాయి ఉప్పునీళ్లలో మునిగాక బరువులో మూడోవంతుకి పైగా కోల్పోతుంది. బయట కదలని రాయి లోపల చిన్న తోపుకే జరుగుతుంది. అందుకే నీళ్లు నింపాక, ఇసుక పోయకముందు మళ్లీ ఒకసారి నెట్టి చూడాలి.

ఇప్పటికే నడుస్తున్న ట్యాంకులో ఎలా కనిపెట్టాలంటే, పైరాయి కొసకి ఎదురుగా అద్దం బయట చిన్న టేపు ముక్క అంటించండి. రోజూ ఒకే చోట నిలబడి చూడండి, కొస టేపుని దాటిందంటే కింద ఏదో జరుగుతోంది. తర్వాత ఒక అరచేత్తో పైరాయిని మెల్లగా నొక్కుతూ రెండో చేతి వేలు అడుగురాయి అంచు కింద పెట్టండి. వేలికి రాయి లేచి దిగడం తెలుస్తుంది, అద్దం మీద "టిక్" మని చప్పుడు కూడా వస్తుంది. ఆ వైపు కాలు గాల్లో ఉన్నట్టే.

బాగుచేయడానికి మొత్తం విప్పక్కర్లేదు. ఆ కాలి చుట్టూ ఉన్న ఇసుకని సన్న పైపుతో సైఫన్ చేసి బకెట్‌లోకి లాగేయండి. చేత్తో కెలక్కండి, పాత ఇసుకలో ఉన్న మురికంతా నీళ్లలో కలుస్తుంది. పోయిన నీటికి బదులు అదే ఉప్పుశాతం, అదే వేడి ఉన్న నీళ్లు పోయండి. సందు కనబడ్డాక దానికి సరిపోయే రాతిచెక్క ఒకటి ఏరి, రెండువైపులా ఎపాక్సీ పుట్టీ పెట్టి లోపలికి దూర్చి, రాయి మీద కాసేపు ఒత్తి పట్టుకోండి. అక్వేరియం పుట్టీ నీళ్లలోనే గట్టిపడుతుంది. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఒకటి రెండు రోజులు విపరీతంగా నురగ కక్కుతుంది, కంగారు పడకండి, కప్పు కాస్త పైకి లేపితే చాలు. మర్నాడు మళ్లీ నెట్టి చూసి, కదలకపోతేనే ఇసుక వెనక్కి పోయండి.

సందు వేలు దూరేంత పెద్దదైతే, లేదా పైరాయి అడుగురాయిని దాటి బాగా ముందుకొచ్చి ఉంటే మాత్రం విప్పాల్సిందే. అడుగురాయిని తిరగేసి, పొడుచుకొచ్చిన బుడిపెల్ని ఉలితో కొట్టేసి, మూడు చోట్ల స్థిరంగా ఆనేదాకా చదునైన టైల్ మీద పెట్టి చూస్తూ ఉండండి. కొత్త రాయి కావాలంటే డ్రై రాక్ (జీవులేవీ లేని పొడి రాయి) కొనండి. మన దేశంలో ఎవరైనా సముద్రంలోంచి తీసిన కోరల్ రాయి చవగ్గా ఇస్తామంటే తీసుకోవద్దు, రాతి కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ కింద ఉన్నాయి.

అతుకు దగ్గరే ఊడింది

ఫెవిక్విక్ లాంటి పల్చటి గమ్ము ఒక్కటే వాడి ఉంటారు. అది రాతి రంధ్రాల్లోకి జారిపోతుంది, నిలిచిన కాస్తా పెళుసుగా ఉండి పక్కనుంచి తోపు తగిలితే విరుగుతుంది. రాయిని బ్రష్‌తో రుద్ది దుమ్ము, జిగట పోగొట్టి, జెల్ రకం సూపర్ గ్లూ, మధ్యలో పుట్టీ, మళ్లీ జెల్, ఇలా మూడు పొరలు వేయండి. బరువైన వంపులకి రెండు రాళ్లకీ బెజ్జం వేసి యాక్రిలిక్ రాడ్ దూర్చాలి, ఇనుప మేకులు వద్దు. పొడి ఇసుక చల్లి దాని మీద పల్చటి గమ్ము పోసే పద్ధతి బాగా పనిచేస్తుంది, కాకపోతే వేడెక్కి ఘాటైన పొగ వస్తుంది. ట్యాంకు బయట, కిటికీలు తీసి, కళ్లద్దాలు పెట్టుకునే చేయండి.

రాళ్ల వెనక మురికి పేరుకుంటోంది

రాళ్లని వెనక అద్దానికి గోడలా ఆనించారు. మీ చెయ్యి దూరేంత సందు వదిలి ముందుకి జరపండి, నీళ్లు తిరుగుతాయి.

మిగతావి అరుదు. స్టాండు మట్టంగా లేదేమోనని అనుమానముంటే నీటి అంచు రెండువైపులా కొలిస్తే తెలిసిపోతుంది. టర్బో నత్తలు, సముద్రపు ముళ్లకాయలు (సీ అర్చిన్లు) రాళ్లు పడేస్తున్నాయని చాలామంది వాటిని తీసేస్తారు, కానీ అవి కదిపేది అప్పటికే వదులైన రాయినే.